హంసగూటి చుట్టూ దడి

కరెంటు పొయ్యి మీద వంకాయ కాలదు. ఉడుకుతుంది, కములుతుంది, కానీ కాలదు. కాలిన వంకాయకు పొగ వాసన పట్టాలి, తోలు దానంతటదే ఊడి రావాలి. ఐర్లండులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నది అద్దంలాంటి నున్నటి పొయ్యి. దాని మీద వంకాయ పెట్టబోతే అమ్మాయి గుండె పట్టుకునేది, అద్దె ఇల్లమ్మా, గీత పడితే ఇంటివాళ్లు ఊరుకోరు అని. అందుకని వెనక పెరట్లో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసుకున్నాను. గొడవంతా ఆ పొయ్యితోనే మొదలైంది.

నేను ఆ దేశం వెళ్లింది జనవరిలో. కూతురూ అల్లుడూ కంప్యూటర్ల ఉద్యోగాలు చేస్తూ డబ్లిన్ దగ్గర నేస్ అనే ఊళ్లో ఉంటారు. ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. తొమ్మిదేళ్ల మనవరాలిని బడి నుంచి తీసుకొచ్చి, ఇంత అన్నం పెట్టడానికి మనిషి కావాలన్నారు. ఆరు నెలలుండి వచ్చేస్తానని వెళ్లాను. మార్చిలో రోగం వచ్చింది. బడి మూశారు, ఆఫీసులు మూశారు, విమానాలు ఆగిపోయాయి. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి ఎవరూ పోకూడదన్నారు. డెబ్బై దాటిన వాళ్లయితే గడపే దాటకూడదట. నాకు అప్పటికి ఇంకా నాలుగేళ్లు తక్కువ. చిన్నదాన్నైనందుకు సంతోషించడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

ఇక ఇంట్లో చూడాలి. మేడ మీద గదిలో అమ్మాయి, కింద గదిలో అల్లుడు, ఇద్దరూ చెవులకు తగిలించుకుని గోడలతో మాట్లాడేవాళ్లు. మనవరాలు వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చునేది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది, అదీ ఆ దేశపు యాసతో. బడి మూశాక ఆ జవాబులు కూడా తగ్గిపోయాయి. పాఠం వింటూ తన బొమ్మ కనపడకుండా నొక్కేసేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. పిల్లలు నోరు మూసుకుని ఉంటే బుద్ధిమంతులు అనే ఇంట్లో పెరిగిన దాన్ని నేను. అయినా ఇది ఆ మౌనం కాదని నాక్కూడా తెలిసింది.

ఏప్రిల్‌లో వాళ్ల టీచరు పిల్లలందరికీ ఒక పని పెట్టింది. ఇంటి చుట్టుపక్కల ప్రాణమున్న దాన్ని ఒకదాన్ని ఎంచుకుని రోజూ వెళ్లి చూడాలి, చూసింది రాయాలి. పువ్వైనా సరే, పురుగైనా సరే. మా పిల్ల హంసను ఎంచుకుంది.

మా ఇళ్ల వరస దాటితే ఒక చెరువు, దాని ఒడ్డున రెల్లు, ఆ వెనక చిన్న అడవి ఉన్నాయి. సగం చెరువు చుట్టూ నడిచే దారి, బల్లలు, అన్నీ శుభ్రంగా ఉంటాయి. మిగతా సగం రక్షిత ప్రాంతం అని వదిలేశారు. ఆ సగాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. గడ్డి కోసేవాళ్లు లేరు. పడిన చెట్టు పడినట్టే కుళ్లుతోంది. పెద్ద పెద్ద దుంగలు నాచు పట్టి పడి ఉన్నాయి. వాటిలో ఒక్కటి దొరికితే మా అమ్మ పెళ్లివంట దింపేది. డబ్బున్న దేశం కదా, పారేసుకోవడం కూడా ఒక వైభోగం అనుకున్నాను.

ఆ వదిలేసిన మూలలో రెల్లు మధ్య హంస గూడు పెట్టింది. హంసను నేను సరస్వతీదేవి పటంలో తప్ప చూసి ఎరగను. పాలూ నీళ్లూ వేరు చేస్తుందనీ, నడక నేర్పుతుందనీ విన్నాను. తీరా చూస్తే ఊళ్లో మా గేటు దగ్గర పడుకునే వీధికుక్కంత ఉంది, మగదానికి దగ్గరగా వెళితే పాములా బుస కొట్టింది. "ఏమే, సరస్వతమ్మ దీని మీద ఎలా కూర్చుందే?" అన్నాను. చాన్నాళ్లకు పిల్ల నవ్వింది. ఆ రోజు నుంచి పది గంటలకు చెప్పులు వేసుకుని అదే నన్ను పిలిచేది. దారిలో మాటలు. ఆరు గుడ్లు పెట్టిందనీ, ఆడది లేచి గుడ్లు తిప్పినప్పుడు లెక్క పెట్టాననీ, పిల్లలవడానికి అయిదారు వారాలు పడుతుందనీ చెప్పేది. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి రోజుకో గడి రంగు వేసేది. ఆ ఇంట్లో ఎదురు చూడటానికి ఏదైనా ఉన్న మనిషి అదొక్కతే.

అది గూడు చూస్తూ గంటసేపు నిలబడితే నేను ఊరికే నిలబడలేను కదా. చేతులు ఖాళీగా ఉంటే నాకు తిక్క పుడుతుంది. గూటికి ఇవతల, దారికీ రెల్లుకీ మధ్య, బారుగా ఎండుపుల్లలు పోగేసి ఉన్నాయి. అటూ ఇటూ నాలుగు గుంజలు పాతి, మధ్యలో కొమ్మలు అడ్డదిడ్డంగా పడేశారు. ఎవరో చెట్లు నరికి, బండిలో ఎత్తుకుపోవడానికి ఉంచారనుకున్నాను. ఆ చివర ఒక బోర్డు ఉంది. మూడో తరగతిలో మానేసిన చదువు నాది, అదీ తెలుగు బడి. బోర్డు మీద బొమ్మ మాత్రం అర్థమైంది. కుక్క బొమ్మ వేసి దాని మీద అడ్డగీత గీశారు. నా దగ్గర కుక్క లేదు.

రెల్లు వైపు చివర పుల్లలు బాగా ఎండి ఉన్నాయి, విరిస్తే టక్కుమనేవి. రోజుకో సంచెడు తెచ్చుకున్నాను, పది పన్నెండు రోజులు. మనవరాలు గూడు వైపు తిరిగి ఉండేది కాబట్టి చూడలేదు; చూసినా అమ్మమ్మ పుల్లలు ఏరుకోవడం దానికి వింత కాదు, దారిలో రబ్బరు బ్యాండు దొరికినా జేబులో వేసుకునే మనిషిని. వాటిలో కాల్చింది కొంచెమే. మిగతావి షెడ్డు పక్కన వరసగా పేర్చి, వాన పడకుండా పాత దుప్పటి కప్పాను. నాకు పొయ్యిలో మండే పుల్ల కంటే పక్కన పేర్చి ఉన్న పుల్ల ఎక్కువ ధైర్యం.

ఒక రోజు మేం వెళ్లేసరికి చెరువు దగ్గర కేకలు. గొలుసు విప్పిన కుక్క ఒకటి గూటి దగ్గరికి వెళ్లిపోయింది. మగ హంస రెక్కలు విప్పి దాని మీద పడుతోంది. ఆడది గూడు దిగి నీళ్లలో అటూ ఇటూ తిరుగుతోంది. కుక్క తాలూకు మనిషి ఒడ్డున నిలబడి పిలుస్తున్నాడు, అది వినడం లేదు. చివరికి మగ హంస దాన్ని తరిమింది కానీ, ఆడది చాలాసేపు గూటికి రాలేదు. ఆ రోజు గాలి చలిగా ఉంది. ఒక గుడ్డు గూటి అంచు మీంచి జారి నీళ్లలో పడటం మా ఇద్దరికీ కనపడింది. మనవరాలు నా కొంగు పట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

కుక్క ఎటు నుంచి దూరిందో చూశాను. పుల్లల వరస ఆ చివర మోకాలెత్తు కూడా లేదు, మనిషి పట్టేంత సందు ఉంది. మిగతా వరసంతా నడుమెత్తు నిలబడి ఉంది. అది పోగు కాదు, దడి. వాళ్ల చేతనైనట్టు కట్టుకున్న దడి. సంచీ సంచీగా దాన్ని ఇంటికి మోసుకొచ్చింది నేను.

ఆ సాయంత్రం అన్నాలు తింటుంటే అల్లుడు ఫోన్ చూస్తున్నాడు. మా కాలనీ తెలుగు వాళ్లందరిదీ ఒక గుంపు ఉంది ఫోన్లో. హంసల దగ్గర కంచె ఎవరో ధ్వంసం చేశారనీ, ఊళ్లో కుర్రాళ్ల పనే అయుంటుందనీ, గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు, చెప్పాలనీ రాశారట. చదివి వినిపించి, "ఖాళీగా ఉంటే ఇలాగే ఉంటుంది అత్తయ్యగారూ, చేసేపని లేక" అన్నాడు. కంచంలో వంకాయ పచ్చడి ఉంది. ఆ పూట కాల్చిందే. రెండోసారి వడ్డించుకుంటూ, పొగవాసన బాగా పట్టిందని మెచ్చుకున్నాడు కూడా. మనవరాలు అన్నం వదిలేసి లేచిపోయింది. మామూలుగా అయితే మెతుకు వదిలినా ఊరుకునే దాన్ని కాదు. ఆ రోజు దాని కంచం నేను కడిగాను.

పొద్దున లేచి ముందు దానికే చెప్పాను. పెరట్లోకి తీసుకెళ్లి, దుప్పటి ఎత్తి పుల్లలు చూపించాను. దానికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. పుల్లల వంక చూసింది, ఇటుకల పొయ్యి వంక చూసింది, తర్వాత నా వంక చూసింది.

"మనది కానిది ముట్టుకోకూడదని నువ్వే చెప్తావ్ కదా అమ్మమ్మా," అంది. తెలుగులోనే అంది. అంత పొడుగు తెలుగు మాట దాని నోట అంతకు ముందు విన్నది లేదు.

"ఎవరిదీ కాదనుకున్నానే," అన్నాను.

"హంసది," అంది.

నా అరవై ఆరేళ్లలో నన్ను అంత తక్కువ మాటలతో దులిపిన వాళ్లు లేరు. మా అత్తగారు కూడా.

అమ్మాయికీ అల్లుడికీ చెప్తే అమ్మాయి కంగారుపడిపోయింది. "అమ్మా, ప్లీజ్, ఎవరికీ చెప్పకు, మన వీసాలు, మన పేరు" అంటూ ఏదేదో అంది. అల్లుడు పెదవి బిగబట్టాడు. నవ్వు ఆపుకుంటున్నాడో కోపం ఆపుకుంటున్నాడో తెలియలేదు. పుల్లలు మెల్లిగా తీసుకెళ్లి పెట్టేద్దాం, ఎవరూ చూడరు అన్నాడు. ఎవరూ చూడకుండా చేస్తే అది దొంగతనం అవుతుంది నాయనా, ఇప్పటిదాకా చేసింది తెలివితక్కువతనం మాత్రమే అన్నాను. ఎవరి పిల్లల మీదో నింద పడి ఉండగా నేను గుట్టుగా కూర్చోలేను.

ఆ చెరువును చూసుకునే మనిషి ఒకావిడ ఉంది. నెరిసిన జుట్టు, ఆకుపచ్చ కోటు, మోకాళ్ల దాకా బూట్లు. నా ఈడుదే అయుంటుంది. మర్నాడు ఆవిడ ఒంటరిగా ఆ సందు దగ్గర నిలబడి చూస్తోంది. నాకు ఇంగ్లీషు రాదు. మనవరాలు వచ్చి చెప్పాలి. దారి పొడుగునా అది నాతో మాట్లాడలేదు, చెబుతానని కూడా అనలేదు. ఆవిడకు ఆరడుగుల దూరంలో మేం ఆగాం. "దడి విప్పింది నేను, కుర్రాళ్లు కాదని చెప్పు," అన్నాను. పిల్ల బూట్ల వంక చూస్తూ నిలబడింది. రెండు నెలలుగా బయటివాళ్లతో ఒక్క మాట మాట్లాడని పిల్ల. తర్వాత మొదలుపెట్టింది. నేను చెప్పింది ఒక్క ముక్క, అది చాలాసేపు చెప్పింది. చేతులతో సంచి చూపించింది, ఇటుకలు చూపించింది, గుండ్రంగా వంకాయ చూపించి, పొయ్యి ఊదినట్టు ఊదింది.

"ఏం చెప్పావే అంతసేపు?"

"ట్రూత్," అంది.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. మొహం గంభీరంగానే పెట్టుకుని ఏదో అడిగింది. పుల్లలు ఎన్ని కాలాయని అడుగుతోందని మనవరాలు చెప్పింది. నాలుగోవంతు కూడా కాలలేదు, మిగతావి తడవకుండా దాచాను అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. సంగతేమిటంటే, మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్లు పెట్టే కాలం, ఆ నెలల్లో కొత్తగా కొమ్మ కొయ్యకూడదట. దడికోసమైనా సరే కొయ్యకూడదు. సాయానికి వచ్చేవాళ్లంతా రోగం వల్ల ఇళ్లలో ఉండిపోయారు. ఆ పుల్లలు లేకపోతే ఆవిడ దగ్గర సందు మూయడానికి ఏమీ లేదు.

అదే రోజు సంచుల్లో నింపుకుని మోశాం. ఎనిమిది సార్లు తిరిగాం. మనవరాలు చిన్న సంచి పట్టుకుని నా ముందు నడిచేది, వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆఖరి విడతకు నాకు నడుం పట్టేసి గేటు దగ్గర ఆగితే, వచ్చి నా సంచి కూడా తీసుకుంది.

ఆవిడ పుల్లలను మళ్లీ అలాగే గుంజల మధ్య పడేయబోయింది. నేను ఊరుకోలేకపోయాను. మా నాన్న మిరపతోటకు దడి కట్టేవాడు. గుంజలు జానెడు ఎడంలో పాతాలి. ఒక పుల్ల లోపలి నుంచి, తర్వాతది బయటి నుంచి అల్లాలి. మొదళ్లు ఒక వరసకు ఇటు వస్తే తర్వాత వరసకు అటు రావాలి. పుల్లల చివరలు ఎప్పుడూ లోపలికి తిప్పాలి, బయటికి ఉంటే గేదె ఒరుసుకున్నప్పుడు కొమ్ముకు తగిలి దడంతా ఊడి వస్తుంది. ఇవన్నీ మనవరాలి చేత చెప్పించాను. గేదె అనే మాటకు అది తడుముకుని, పెద్ద నల్ల ఆవు అని చెప్పిందట. ఆవిడ తన దగ్గరున్న పాత గుంజలు తెచ్చి ఇచ్చింది. తను ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో మనవరాలు, రెండు వైపులా పుల్లలు అందిస్తూ. మూడు పొద్దులు పట్టింది. మొదటి రోజు నేను కట్టింది చూసి, రెండో రోజు ఆవిడ తను కట్టింది విప్పేసి మళ్లీ కట్టింది. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

పని చేస్తుంటే ఆవిడ ఒక్కో సంగతి చెప్పేది. ఆ కుళ్లుతున్న దుంగలో పురుగులుంటాయి, ఆ పురుగుల కోసం పిట్టలొస్తాయి. కోయని గడ్డిలో కప్పలు, ముళ్లపందులు. ఆ సగం చెరువు శుభ్రం చేస్తే ఈ సగంలో కూడా ఏదీ మిగలదు. వింటుంటే నాకు మా అమ్మ బీరపాదు గుర్తొచ్చింది. తొలి కాపులో అన్నిటికన్నా బాగున్న కాయకు అమ్మ గుడ్డపీలిక కట్టేది. అది విత్తనానికి. ఇంట్లో కూరకు గతి లేకపోయినా ఆ కాయ జోలికి పోకూడదు. అది ముదిరి, ఎండి, పీచుకట్టి, చూసేవాళ్లకు దండగ మాదిరి పందిరికి వేలాడేది. దండగ అన్నవాళ్లకు మరుసటి ఏడు పాదు ఉండదు. ఇంత పొదుపు తెలిసిన దాన్ని, విత్తనపు కాయను చూసి పారేసిన కాయ అనుకున్నాను. గుడ్డపీలిక బదులు అక్కడ ఇంగ్లీషు బోర్డు ఉంది, అంతే తేడా.

ఇదంతా మనవరాలికి చెప్తే, ఆవిడకు చెప్పింది. ఆవిడ పని ఆపి, వాళ్ల నాన్న కూడా బంగాళాదుంపలు అలాగే దాచేవాడని చెప్పిందట. ఆ మాట చెప్పేటప్పుడు మనవరాలు నా మొహంలోకి చూసింది. నాలుగైదు రోజుల తర్వాత అదే మొదటిసారి.

ఆడ హంస మళ్లీ గూడెక్కింది. ఉన్నవి అయిదు గుడ్లు. అవి చల్లబడిపోయాయో, ప్రాణం ఉందో పిల్లలయ్యే దాకా ఎవరూ చెప్పలేరంది ఆవిడ. ఫ్రిజ్ మీద గడులు నిండుతున్నాయి. అమ్మాయి కూడా మీటింగుల మధ్య వచ్చి ఆ కాగితం చూసిపోయేది. రెండు కిలోమీటర్లను అయిదు చేశారు, దూరంగా ఇంకో పెద్ద పార్కుకు వెళ్దామన్నాడు అల్లుడు. మనవరాలు రానంది. నేనూ రానన్నాను.

ఫ్రిజ్ మీది గడులు అయిపోయాయి. ఒక రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. ఆ రెండో రోజు మనవరాలు దడి దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగింది.

"ఇఫ్ ద డాగ్ డిడింట్ కమ్, ఆ సిక్స్త్ ఎగ్ కూడా పిల్ల అయ్యేదా?"

ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టొచ్చు. దానికి తొమ్మిదేళ్లు. "అయ్యేదేమోనే. తెలీదు. నా వల్లే తెలీకుండా పోయింది," అన్నాను. తల ఊపింది. కాసేపటికి నా చేతి సంచి అందుకుని మోసింది, అందులో గొడుగు తప్ప ఏమీ లేకపోయినా.

మూడో రోజు వాన తుంపరగా పడుతోంది. మేం వెళ్లేసరికి ఆడ హంస రెక్క ఎత్తి ఉంది. దాని కింద నుంచి బూడిదరంగు దూదిపింజలాంటిది ఒకటి బయటికొచ్చింది. తర్వాత ఇంకొకటి. సాయంత్రానికి నాలుగు. అయిదో గుడ్డు గూట్లోనే ఉండిపోయింది, అది ఇక పిల్ల కాలేదు. మనవరాలు నాలుగు అని రాసుకుని, దాని పక్కన అయిదో గుడ్డు బొమ్మ కూడా వేసుకుంది.

మర్నాటికి వార్త పాకి, దారిలో పది మంది చేరారు, దూరం దూరంగా. ఒక ముసలాయన కర్ర ఊతం మీద వంగి దడి అల్లికను వేలితో తడుముతూ ఏదో అన్నాడు. ఇంత బాగా ఎవరు కట్టారని అడిగాడట. ఎప్పుడూ నా వెనక దాక్కునే పిల్ల ముందుకొచ్చి చెప్పింది, మా అమ్మమ్మ కట్టిందని. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అంతకు ముందు పీకింది కూడా ఆవిడే అని, సంచి, ఇటుకలు, పొగ, కుక్క, పోయిన గుడ్డు, పగలని గుడ్డు, మొత్తం కథ చేతులు ఊపుకుంటూ చెప్పుకుపోయింది. పది మందీ ఒకసారి దడి వంక, ఒకసారి నా వంక చూశారు. నేను కొంగు సర్దుకుని నిటారుగా నిలబడ్డాను. చెప్పింది అబద్ధమైతే కదా ఆపడానికి.

ముసలాయన అంతా విని నాకేసి తల ఊపి "గ్రాండ్ జాబ్" అన్నాడు. దేన్ని మెచ్చుకున్నాడో అడగలేదు. మనవరాలు ఇంకా చెబుతూనే ఉంది, మొదటి నుంచి, ఇప్పుడే వచ్చిన ఇంకొకావిడకు.